ఫైనల్ ఎలా చూడాలంటే

చి. అమ్మలూ,

శనివారం వింబుల్డన్ మహిళల ఫైనల్ మొత్తం చూస్తానన్నావు. మన టైము రాత్రి ఎనిమిదిన్నర. నాన్న సార్వా నాట్ల హడావిడిలో అలిసిపోయి పడుకుంటాడు కాబట్టి టీవీ నీదే. అయితే రాకెట్ పట్టే పిల్ల ఊరికే చూడకూడదు తల్లీ. ఈ వానలకు భీమవరంలో మన మట్టి కోర్టు ఎలాగూ ఆరడం లేదు, ఆ రెండు గంటలూ ప్రాక్టీసే అనుకో.

నోట్‌బుక్ దగ్గర పెట్టుకో. మంచి షాట్లు రాయకు, అవి హైలైట్స్‌లో మళ్లీ వస్తాయి. పాయింటుకూ పాయింటుకూ మధ్య ఇరవై ఐదు సెకన్లుంటాయి, అప్పుడు ఎవరేం చేస్తున్నారో రాయి. బంతిని నేలకేసి ఎన్నిసార్లు కొట్టింది? పాయింటు పోయాక తొందరపడిందా?

అన్నిటికన్నా ముఖ్యం రెండో సర్వీసు, అదే మొదటిది తప్పితే వేసేది. ప్రతిదాని పక్కనా స్కోరు వెయ్యి. 1993 ఫైనల్లో స్టెఫీ గ్రాఫ్ మీద జానా నొవోత్నా మూడో సెట్లో 4-1తో ముందుంది. సర్వీసు తనదే, 40-30. ఒక్క పాయింటొస్తే 5-1. అక్కడ రెండు సర్వీసులూ తప్పి డబుల్ ఫాల్ట్ పడింది. ఆ గేము పోయింది, ఆ తర్వాత ఒక్క గేమూ రాలేదు. బహుమతి అందుకునేటప్పుడు డచెస్ ఆఫ్ కెంట్ భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది. ఆమెకు గుండె ధైర్యం లేదని ఎవరన్నా అంటే నమ్మకు. 1997 ఫైనల్లో మళ్లీ ఓడి, 1998లో గెలిచి చూపించింది.

చెక్ ఆటగత్తె క్రెజికోవా పద్దెనిమిదేళ్లప్పుడు ఉత్తరం పట్టుకుని ఆ నొవోత్నా ఇంటికే వెళ్లి ఆట నేర్పమంది. 2024 ఫైనల్లో పావోలిని మీద మూడో సెట్ 5-4 దగ్గర సర్వీసు చేస్తూ, ఆ గేము పోగొట్టగల రెండు బ్రేక్ పాయింట్లు కాచుకుని, మూడో మ్యాచ్ పాయింటుకు గెలిచింది. శనివారం లోపు ఆ చివరి గేము వెతికి చూడు. నాకైతే అంతకు మించిన పాఠం కనపడలేదు.

ఆట ఒకవైపే సాగినా టీవీ కట్టేయకు. 2025లో స్వియాటెక్ 57 నిమిషాల్లో 6-0, 6-0తో అనిసిమోవాను ఓడించింది. సెమీస్‌లో నంబర్ వన్ సబలెంకాను ఓడించి వచ్చిన అమ్మాయి ఈ అనిసిమోవా! అలాంటప్పుడు ఓడుతున్నవాళ్ల కాళ్లు చూడు. రిటర్న్‌కు ముందు ఆ చిన్న గెంతు వేస్తోందా, నిలబడిపోతోందా?

పచ్చిక మీద స్లైస్, అదే బంతిని కిందికి కోసినట్టు కొట్టే షాట్, చూసి మోజుపడకు. అక్కడ బంతి జారి కిందకే ఉంటుంది, మన మట్టి మీద లేచి వస్తుంది.

ఆదివారం వాన తెరిపిస్తే కోర్టుకు రా. అన్నయ్యను రిటర్న్‌కు నిలబెడతాను. "4-1, 40-30" అని పైకే చెప్పి సర్వీసు వెయ్యాలి. మొదటి సర్వీసు ఉండదు, రెండోదొక్కటే. తప్పితే డ్యూస్, అంటే 40-40, అక్కణ్ణుంచి గేము నిలబెట్టుకోవాలి. పాత బంతులు చాలు, తడిసినవి మాత్రం తేకు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న