మంచం కోడు తిప్పుతుంటే ఉలి ఎగిరిపడుతోందా?

కావలి తమ్ముడూ, వేప కోడును చెక్క తిప్పే యంత్రమైన లేత్‌కి ఎక్కించి వడ్రంగి ఉలి పెడితే చేతిలోంచి ఎగిరిపడుతోందన్నావు. ఉలి ఆనించే కమ్మీని ముందు చూసుకో. దానికీ చెక్కకీ మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించితే మొన చెక్కలో దిగబడి పిడి పైకి తంతుంది. నా బొటనవేలి గోరు అలాగే పోయింది! మోటారు వేసేముందు కోడును చేత్తో ఒక చుట్టు తిప్పు, కమ్మీకి తగలకూడదు. నలుపలకల మూలలు పోయేదాకా వేగం తక్కువే ఉంచి, దోనెలా వంగిన పొడుగు పిడి గౌజ్ ఉలి వాడు. నీ చదును ఉలితో చివర్లో పైపైన గోకొచ్చు, అదీ పిడి కాస్త ఎత్తి, మొన కిందికి వాల్చి. ఉదయగిరిలో చెంచాలు చెక్కే పొట్టి ఉలి ముచ్చటగా ఉంటుంది గానీ లేత్ మీద మాత్రం వద్దు.