ఎండాకాలం రక్తం ఎందుకు దొరకట్లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేలో నాన్నకి ఆపరేషన్ అయింది, బ్లడ్ బ్యాంక్‌కి వెళ్తే డోనర్‌ని తెచ్చుకోండి అన్నారు, పైగా డబ్బులు కట్టమన్నారు. ఊరికే ఇచ్చిన రక్తానికి డబ్బులేంటండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ బాధ అర్థమైందమ్మా. మన దేశంలో రక్తం అమ్మకూడదు, సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో డబ్బులు తీసుకుని రక్తమిచ్చే పద్ధతిని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. మీరు కట్టింది ప్రాసెసింగ్ చార్జీ, అంటే బ్యాగు, హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్, మలేరియా టెస్టులు, ఫ్రిజ్ ఖర్చు. రసీదు మాత్రం అడిగి తీసుకోండి. ఇక డోనర్‌ని తెమ్మనే పద్ధతి మెల్లగా పోవాలని 2002 జాతీయ రక్త విధానమే చెప్పింది, కానీ ఇంకా పోలేదు, అదే నాకు బాధ.

ఎండాకాలం కాలేజీలకి సెలవులు కదా, క్యాంపులు తగ్గిపోతాయి. జనవరిలో ఎవరి పుట్టినరోజుకో పెద్ద క్యాంపు పెట్టి వందల బ్యాగులు తీస్తారు, అవి మే దాకా ఉండవమ్మా, ఎర్రకణాలు మహా అయితే 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే, అదీ మెషీన్‌లో పగలూరాత్రీ ఊగుతూ ఉండాలి. తలసీమియా పిల్లలకేమో రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్లకి సెలవుల్లేవు. అందుకే ఒక్కసారి కాదు, మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి ఒకసారి ఇవ్వొచ్చు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే చాలు. మీ తమ్ముళ్లని ఏప్రిల్‌లోనే పంపండి.