టెక్ సందేహాలు: నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా జయపురం. పాత పెట్రోల్ కారు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే మిస్సింగ్ కొడుతోంది, పికప్ ఉండట్లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0302 అని వచ్చింది. ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలంటున్నాడు మెకానిక్. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. రెండో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదన్నంత వరకే పీ0302 చెబుతుంది. తప్పు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌దా, స్పార్క్ పుట్టించే ప్లగ్గుదా, ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్‌దా అన్నది మనమే తేల్చుకోవాలి. ఘాట్‌లోనే బయటపడే మిస్సింగ్‌కి నా మొదటి అనుమానం కాయిల్, ప్లగ్గుల మీదే. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అంత ఒత్తిడిలో స్పార్క్ రావాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. నీరసించిన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది.

మీ బండికి ప్లగ్గుకో కాయిల్ ఉంటే రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్పించి, కోడ్ చెరిపించి మళ్లీ నడపండి. ఈసారి మూడో సిలిండర్ కోడ్ పీ0303 వస్తే తప్పు కాయిల్‌దే. ప్లగ్గులనూ ఇలాగే మార్చి చూడొచ్చు. పీ0302యే మళ్లీ వస్తే అప్పుడు ఇంజెక్టర్ సంగతి చూద్దాం.

ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఉండగా పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవి దగ్గర పెట్టి వినండి. బెల్టు, ఫ్యాను దగ్గరకు చెయ్యి పోనివ్వకండి. నాలుగూ ఒకేలా టిక్ టిక్ అనాలి. ఒకటి మూగబోతే ఇంజిన్ ఆపి, దాని కనెక్టర్ ఊడదీసి, ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓంలు కొలవండి. మామూలు ఎంపీఎఫ్‌ఐ (సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉండే పెట్రోలు ఇంజిన్) ఇంజెక్టర్ దాదాపు 11 నుంచి 16 ఓంలు చూపిస్తుంది. అంకె కన్నా నాలుగింటికీ పోలిక కుదరడం ముఖ్యం. మీటరు అసలేమీ చూపకపోతే లోపలి తీగచుట్ట తెగినట్టే.

ఓంలు సరిగా ఉంటే వైరింగ్ చూడాలి. తాళం ఆన్‌లో కనెక్టర్‌లోని ఒక వైరుకు 12 వోల్టులు రావాలి. రెండో వైరును ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) క్షణక్షణం గ్రౌండ్ చేస్తుంటుంది. ఐడిల్‌లో ఆ పల్స్ రెండు మూడు మిల్లీసెకన్లే, మామూలు మీటరుకు అందదు. దానికి నాయిడ్ లైటు (కనెక్టర్‌కు తగిలిస్తే పల్స్ వచ్చినప్పుడల్లా వెలిగే చిన్న బల్బు) కావాలి. వానాకాలంలో బానెట్ కింద దూరే ఎలుకలు కొరికిన వైర్లనూ వెతకండి. ఇంజెక్టర్‌ను తిన్నగా బ్యాటరీకి కలిపి ఉంచే పని మాత్రం చెయ్యొద్దు, చుట్ట మాడిపోతుంది.

టిక్ మంటున్నా లోపల మడ్డి పట్టి ఉండొచ్చు. ఇది మీటరుకు దొరకదు. నాలుగింటినీ విప్పించి, టెస్ట్ బెంచ్ మీద గాజు గొట్టాల్లోకి ఒకే కొలత పడుతోందో లేదో మీ కళ్లముందే చూపించమనండి. అల్ట్రాసోనిక్ క్లీనింగ్ (ధ్వని తరంగాలతో మడ్డి వదిలించడం) తర్వాత కూడా తక్కువ పోసేదాన్నే మార్పించండి. బిగించేటప్పుడు రబ్బరు ఓ-రింగులు కొత్తవే వేయించాలి, లేకపోతే పెట్రోలు కారి మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే ఘాట్ ఎక్కించకండి. మండని పెట్రోలు వెళ్లి, పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

ప్రశ్న: గుణుపూర్‌లో ఉంటాం. మాది డీజిల్ కారు. ఇవే పరీక్షలు ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: వద్దు. కామన్ రైల్ డీజిల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందే ఇంజిన్) ఒత్తిడి 1,000 బార్, అంటే గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు, దాటుతుంది. సన్నని లీకు కూడా చర్మంలోకి దూసుకుపోతుంది. దెబ్బ చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినంత ప్రమాదం. ఇంజిన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేసి చూస్తానని ఎవరన్నా ఒప్పుకోకండి. డీజిల్ పంపు, ఇంజెక్టర్ల పని మాత్రమే చేసే షాపుకు తీసుకెళ్లండి.