జవాబు: ఆరని బట్టలు, గోపాలపూర్ అలలు

ఒడిశా తీరంలోని గోపాలపూర్ ఎదురుగా సముద్రంలో మీ పడవకు లంగరు వేశామని, ఉప్పునీళ్ళలో ఉతికిన బట్టలు ఆరడమే లేదని, ఒడ్డుకు వెళ్తే రబ్బరు పడవ అలలకు తిరగబడుతోందని రాశారు కదండీ.

బట్టల సంగతి తేలికే. గుడ్డలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. అందుకే ఎండలో ఆరినా సాయంత్రానికి మళ్ళీ చెమ్మ. సముద్రపు నీళ్ళలో మామూలు సబ్బు నురగ రాదు, గిన్నెలు తోమే లిక్విడ్ వాడండి. గట్టిగా పిండాక చివరి జాడింపు మాత్రం మంచినీళ్ళలోనే.

ఒడ్డు విషయంలో మాత్రం దయచేసి మొండికెయ్యకండి. ఆ తీరానికి అడ్డం ఏమీ లేదు, బంగాళాఖాతం అలలు నేరుగా వచ్చి ఇసుక దగ్గర విరుగుతాయి. అక్కడి నోలియా జాలర్లు మన తెలుగు మాట్లాడేవాళ్ళే. వాళ్ళ పడవ మాట్లాడుకోండి. పెద్ద అలల వరస ఎప్పుడు పోతుందో, సందు ఎప్పుడు దొరుకుతుందో వాళ్ళ కంటికి తెలిసినట్టు మనకు తెలియదు. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. బరంపురం బజారు సుమారు 16 కిలోమీటర్లు. బియ్యం, పప్పులు మూత గట్టిగా పట్టే డబ్బాల్లోనే తెచ్చుకోండి.

అందరూ ఒకేసారి దిగొద్దు. లంగరు జారితే చూసే మనిషి లంగరు వేసిన మీ పడవలో ఉండాలి. అక్టోబరులో అయితే అక్కడ అసలు ఆగకండి. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది.