పాలోళ్ల ఒప్పుకోలు లేని అమ్మకం

ప్రశ్న: మా దిక్కు పొలం అమ్మాలంటే ముందు పాలోళ్లను అడుగుతరు. ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఇంతని ఇచ్చి పంపుతరు. మధ్యయుగంలో క్రొయేషియా దొరల ఇండ్లలోనూ ఇట్లనే ఉండేదా?
— పాఠకురాలు, దేవరకొండ

జవాబు: చాలావరకు ఇట్లనే. అయితే అప్పట్లో జాగ్రెబ్ చుట్టుపక్కల నేలను స్లవోనియా అనేవారు. ఇక్కడ చెప్పేది ఆ నేల సంగతి, అక్కడ నడిచింది హంగరీ రాజ్య ఆచారం.

భూమి వంశానిది. అన్నదమ్ములు పాలు పంచుకుని వేరుపడ్డా, ఒకరికి కొడుకులు లేకుంటే ఆ వాటా మిగతా శాఖలకే. వంశంలో మగదిక్కే లేకుంటే రాజుకు. కొడుకుల్లేని దొర కూతురికి నాలుగో వంతు విడిచి, మిగిలింది ఇష్టమున్నవాళ్లకు ఇచ్చుకోవచ్చని 1222 నాటి బంగారు ముద్ర శాసనం అన్నది. 1351లో లూయీ రాజు ఆ వెసులుబాటు తీసేశాడు.

నాలుగో వంతు దగ్గరే చాలామంది పొరబడతారు. అది కూతుళ్లందరికీ కలిపి. ముగ్గురుంటే తలా పన్నెండో వంతు. అదీ మామూలుగా నగదు, వస్తువుల రూపంలోనే. భూమి ఇస్తే అల్లుడి వంశంలో కలుస్తుందని భయం. తనవాళ్ల సమ్మతితో భూమి లేని సామాన్యుణ్ణి చేసుకున్న కూతురికి మాత్రం భూమే ఇవ్వాలి. వితంతువుకు రావలసిన భరణం సొమ్ము చెల్లించేదాకా భర్త వారసులు ఆమెను ఇల్లు కదిలించలేరు.

అమ్మేవాడు ముందు పాలోళ్లకు, తర్వాత పొలం గట్టువాళ్లకు చెప్పాలి. వాళ్లు తాము కొనబోమంటే జాగ్రెబ్ లేదా చాజ్మా చర్చి పెద్దల సభ ముందుకు పోయి పత్రం రాయించాలి. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిదే, కూర్చునేది మాత్రం మతగురువులు. ఒప్పుకున్న బంధువుల పేర్లు పత్రంలోకి ఎక్కుతాయి. రేపు ఎవరైనా దావా వేస్తే తన ఖర్చుతో ఎదుర్కొంటానని అమ్మేవాడు మాటిస్తాడు. ఆ మాట ఊరికే కాదు: అడగకుండా వదిలేసిన తమ్ముడు తర్వాత వచ్చి, వెల కట్టి భూమి వెనక్కి అడగొచ్చు.

కొడుకుల్లేని ఇంట కూతురికి భూమంతా దక్కాలంటే ఒక్క దారి ఉండేది. రాజు కూతురిని కొడుకుగా ప్రకటిస్తే మొత్తం ఆమెకే. పాలోళ్ల నోట మన్ను పడ్డట్టే!

ప్రశ్న: జాద్రుగా అంటే ఇదేనా?
— పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: కాదు. జాద్రుగా రైతుల ఉమ్మడి కుటుంబం. ఒకే సేద్యం, ఒకే పొయ్యి. దొరల వంశంలో ఇండ్లు వేరు, సేద్యాలు వేరు. ఉదాహరణకు, బ్రిబీర్ షుబిచ్‌లనే క్రొయేషియా దొరల వంశంలో ఒక శాఖ 1347లో ఓస్ట్రోవిత్సా కోటను రాజుకు అప్పగించి జ్రిన్ కోట తీసుకుంది. అప్పటినుంచి వాళ్ల ఇంటిపేరు జ్రిన్‌స్కీ.