కంటికి ఆనని రోబోను ఒంట్లో వెతకడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారికి రెండేళ్ల క్రితం మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చింది. జ్యూరిక్ శాస్త్రవేత్తలు అయస్కాంతంతో నడిచే చిన్న గుళికను రక్తనాళాల్లోకి పంపి, గడ్డను కరిగించే మందును సరిగ్గా అక్కడే వదిలేలా చేశారని ఈమధ్య చదివాను. అంత చిన్న వస్తువు శరీరంలో ఎక్కడుందో వైద్యులకు ఎలా కనిపిస్తుంది? దానికే ఒక కెమెరా అమర్చితే సరిపోదా? ఈ చికిత్స మా నాన్నగారికి పనికివస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి. గడ్డ అడ్డుపడి రక్తం అందక చనిపోయిన మెదడు కణాలను, రెండేళ్ల తరవాత ఆ గడ్డను కరిగించినా తిరిగి బతికించలేము. గడ్డను కరిగించే మందును సాధారణంగా పక్షవాతం లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇస్తారు. అందువల్ల నాన్నగారికి మళ్లీ ఎప్పుడైనా మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా సీటీ స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కొత్త చికిత్స కోసం ఎదురుచూస్తూ ఇప్పుడు వాడుతున్న మందులను ఆపవద్దు.

ఇక కెమెరా సంగతి. మింగే కెమెరా మాత్ర మనకు కొత్తది కాదు. అమెరికాలో దానికి 2001లోనే అనుమతి లభించింది. కానీ దాని పొడవు సుమారు 26 మిల్లీమీటర్లు, వెడల్పు 11 మిల్లీమీటర్లు. పేగులో అది జారిపోగలదు గానీ రక్తనాళంలో పట్టదు. కటకాన్నీ బ్యాటరీనీ ట్రాన్స్‌మిటర్‌నూ ఇసుకరేణువంత గుళికలో ఇమడ్చగలిగినా, రక్తంలో మునిగిన కెమెరాకు చుట్టూ ఎరుపు తప్ప మరేమీ కనిపించదు. పైగా వైద్యునికి కావలసినది రోబో (ఇలా బయటి నుంచి నడిపించే గుళికనూ రోబో అనే అంటారు) ఏమి చూస్తోందన్న సమాచారం కాదు, రోబో ఎక్కడ ఉందన్న సమాచారం. దానిని బయటి నుంచే కనిపెట్టాలి.

బయటి నుంచి చూడడం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చి మీద వేళ్లు ఆనించి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి, అంటే కాంతి వాటి గుండా వస్తూనే ఉంది. అయినా లోపలి ఎముక అంచు కనిపించదు. కణజాలంలో ప్రవేశించిన కాంతి ఒక మిల్లీమీటరు లోతుకు వెళ్లేసరికే తన తొలి దిశను దాదాపుగా మరచిపోయి, పొగమంచులో దీపపు వెలుగులా అన్ని వైపులకూ చెదిరిపోతుంది. పరారుణ కాంతి కొంత నయమే గానీ, ఈ చెదిరే గుణం దానినీ వదలదు.

అల్ట్రాసౌండ్‌కు వచ్చే చిక్కు వేరు. శరీరంలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1,540 మీటర్లు. కడుపు స్కానింగులో వాడేటటువంటి 5 మెగాహెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం 300 మైక్రాన్లు, అంటే 0.3 మిల్లీమీటరు. రోబో 30 మైక్రాన్లే ఉందనుకుంటే, అది అందులో పదో వంతు మాత్రమే కాబట్టి దాని ఆకారం తెలిసే అవకాశం లేదు. ధ్వనిని 50 మెగాహెర్ట్జ్‌కు పెంచితే తరంగదైర్ఘ్యం కూడా 30 మైక్రాన్లకు తగ్గుతుంది. అయితే ఆ ధ్వని ఒక సెంటీమీటరు లోతుకు వెళ్లి తిరిగి వచ్చేలోపే దాదాపు ఆరిపోతుంది. సన్నగా చూడాలంటే లోతు పోతుంది, లోతుగా చూడాలంటే సన్నదనం పోతుంది.

అయితే ఒక దారి ఉంది. పెళ్లిలో పురోహితుడు అరుంధతీ నక్షత్రాన్ని చూపిస్తాడు. ఆ నక్షత్రపు గుండ్రని ఆకారం ఎవరి కంటికీ అందదు. అయినా చుట్టూ ఆకాశం నల్లగా ఉంటుంది కనుక చుక్క ఎక్కడుందో తెలుస్తుంది. పగటి ముహూర్తమైతే అదే నక్షత్రం అక్కడే ఉన్నా కనిపించదు. శరీరంలోని రోబో పరిస్థితి పగటి నక్షత్రానిది. దాని ఆకారం చూడాలన్న పట్టుదల వదులుకుని, చుట్టూ ఉన్న రక్తమాంసాలు మసకబారి అది ఒక్కటే మెరిసే ఉపాయం వెతకాలి. నా దృష్టిలో ఈ రంగానికంతటికీ ఇదే అసలు ప్రశ్న. రోబోను నడిపించడం దీనికంటే తేలిక.

మీరు చదివిన జ్యూరిక్ గుళిక సంగతి చూడండి. ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్లీ నెల్సన్ బృందం 2025 నవంబరులో ప్రకటించిన ఈ గుళిక జెలటిన్‌తో చేసినది. అయస్కాంతం లాగడానికి అందులో ఐరన్ ఆక్సైడ్ నానోకణాలను చేర్చారు. ఎక్స్‌రేలో కనిపించడానికి టాంటలమ్ అనే బరువైన లోహపు నానోకణాలను కలిపారు. యాంజియోగ్రామ్‌లో రక్తనాళం కనిపించడానికి డై ఎక్కించినట్లే, ఇక్కడ గుళిక కనిపించడానికి టాంటలమ్. ఈ రెండింటికీ, మందుకూ ఆ కాస్త చోటే ఆధారం. టాంటలమ్ పెంచితే బాగా కనిపిస్తుంది గానీ గుళిక బరువెక్కి నడవడం కష్టమవుతుంది. పందులలో, గొర్రెలలో దీనిని పరీక్షించారు. ఎక్స్‌రే రేడియేషన్ ఉన్నదే, కాని పక్షవాతం వచ్చిన వ్యక్తికి క్యాథ్‌ల్యాబ్‌లో (రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి చికిత్స చేసే గదిలో) కొన్ని నిమిషాల పాటు దానిని భరించడం సబబే. గంటల తరబడి పేగుల్లో తిరిగే రోబోను మాత్రం ఎక్స్‌రేతో వెంబడించలేము.

పేగుల కోసం కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో వెయ్ గావ్, లిహాంగ్ వాంగ్ బృందాలు 2019లో మరో దారి చూపాయి. మెరుపు గాలిని ఒక్కసారిగా వేడెక్కించడం వల్ల ఉరుము పుడుతుంది కదా. అలాగే అతి స్వల్ప కాలపు లేజర్ మెరుపు తగిలిన వస్తువు రవ్వంత వేడెక్కి, వ్యాకోచించి, అల్ట్రాసౌండ్‌ను వెలువరిస్తుంది. వెళ్లేది కాంతి, తిరిగి వచ్చేది ధ్వని. తిరుగు ప్రయాణంలో ధ్వని కాంతిలా చెదరదు కనుక, అది ఏ చోటు నుంచి వచ్చిందో లెక్కకట్టవచ్చు. వారి రోబోలు బంగారపు పూత పూసిన మెగ్నీషియం గోళాలు. ఒక పక్క పూత లేకుండా వదిలిన చోట మెగ్నీషియం జీర్ణరసాలతో చర్య జరిపి బుడగలు వదులుతుంది, ఆ బుడగల తోపుడుతో గోళం ముందుకు కదులుతుంది. ఆ గోళాలను మైనపు గుళికల్లో ఉంచి ఎలుకల పేగుల్లోకి పంపి, కావలసిన చోటికి చేరాక లేజర్‌తో గుళికను కరిగించారు. రక్తంలోని హిమోగ్లోబిన్ కూడా కాంతిని పీల్చుకుని ధ్వని చేస్తుంది కాబట్టి, పరారుణ కాంతిని బాగా పీల్చే బంగారం అక్కడ చాలా అవసరమైంది.

అదే సంస్థ 2024లో ప్రకటించిన 30 మైక్రాన్ల రోబో నాకు మరీ నచ్చింది. దాని బోలు గర్భంలో ఒక గాలిబుడగ చిక్కుకుని ఉంటుంది. బయటి అల్ట్రాసౌండ్‌కు ఆ బుడగ కంపించి రోబోను తోస్తుంది. అల్ట్రాసౌండ్ స్కానులో తెల్లని చుక్కలా మెరిసేదీ ఆ బుడగే. కనిపించడానికి వేరే బరువు మోయనక్కరలేదు.

ప్రశ్న: రోబోను లాగేది అయస్కాంతమే అయినప్పుడు, ఎమ్మారై యంత్రంతోనే లాగుతూ, దానితోనే చూడవచ్చు కదా? ఒక్క రోబో కనిపించకపోతే గుంపుగా పంపకూడదా?
– ఇంటర్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ రెండు ఆలోచనలనూ శాస్త్రవేత్తలు ప్రయత్నించారు. మాంట్రియల్‌లో సిల్వైన్ మార్టెల్ బృందం 2007లో 1.5 మిల్లీమీటర్ల లోహపు గోళీని, బతికి ఉన్న పంది మెడ ధమనిలో, ఆసుపత్రి ఎమ్మారై యంత్రంతోనే సెకనుకు 10 సెంటీమీటర్ల సగటు వేగంతో నడిపింది. ఒకే యంత్రం కాసేపు లాగడం, కాసేపు చూడడం వంతులవారీగా చేయాలి. ఇనుము దగ్గర ఎమ్మారై చిత్రం చెడిపోయి, అసలు వస్తువు కంటే పెద్ద నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ వల్లే చిన్న గోళీ ఉనికి తెలుస్తుంది, కానీ దాని కచ్చితమైన స్థానాన్ని విడిగా లెక్కకట్టాలి. 2005లో హాంబర్గ్‌లోని ఫిలిప్స్ పరిశోధకులు ప్రకటించిన అయస్కాంత కణ చిత్రణలో ఈ ఇబ్బంది లేదు: అందులో శరీరం ఏ సంకేతమూ ఇవ్వదు, ఐరన్ ఆక్సైడ్ కణాలు మాత్రమే ఇస్తాయి. అమావాస్య ఆకాశం అన్నమాట.

గుంపుల విషయంలో హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయంలో లీ జాంగ్ బృందం చేసిన పని చూడదగినది. అయస్కాంత క్షేత్రంలో గిరగిర తిరిగే నానోకణాల గుంపు తన చుట్టూ ఉన్న రక్తాన్ని కలియబెడుతుంది. గుండె స్కానింగులో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌కు ఆ సుడి దొరుకుతుంది. కణాలు కనిపించకపోయినా అవి రేపిన అలజడి పట్టుబడుతుంది.

ప్రశ్న: మన దేశంలో ఇటువంటి పరిశోధన జరుగుతోందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: జరుగుతోంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అంబరీష్ ఘోష్ బృందం, వారి పరిశోధన నుంచే పుట్టిన థెరానాటిలస్ సంస్థ కలిసి, సిలికాతో చేసి ఇనుప పూత పూసిన మరమేకు ఆకారపు నానోరోబోలను పంటిలోని సన్నని గొట్టాల్లోకి పంపినట్లు 2022లో ప్రకటించాయి. రూట్ కెనాల్ చేసిన తరవాత కూడా ఆ గొట్టాల్లో దాక్కునే సూక్ష్మజీవులను వేడితో చంపడం వారి ఉద్దేశం. తీసివేసిన పళ్లలో ఈ రోబోలు 2,000 మైక్రాన్ల లోతు వరకు చేరాయని సూక్ష్మదర్శినితో నిర్ధారించారు. పంటిని ఎంచుకోవడంలో మంచి వివేకం ఉన్నదని నా అభిప్రాయం: అక్కడ దారి రెండు మిల్లీమీటర్లకే ముగుస్తుంది, పక్కన ప్రవహించే రక్తం లేదు, కాబట్టి రోబోను క్షణక్షణం వెంబడించి చూడవలసిన అవసరం చాలావరకు తగ్గిపోతుంది.