వడ్డించేవాడే విస్తరేసుకుంటే

“అక్కా, మేం అరిజోనాలోని చాండ్లర్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా ఆయనది హెచ్1బీ. పాపని వచ్చే ఏడు కిండర్‌గార్టెన్‌లో వేయాలి. పక్కింటివాళ్లు ఒక ఎస్‌టీఓ పేరు చెప్పి, దానికి డబ్బు కట్టండి, ట్యాక్స్‌లో పైసాతో సహా వెనక్కొస్తుంది అంటున్నారు. మా ఆయన కొలీగేమో, ఆ చట్టాలు చేసినవాళ్లే ఆ సంస్థలు నడుపుకుంటారు, వాటి జోలికి పోకండి అన్నాడట. ఎవరి మాట వినాలి?”

ఇద్దరు చెప్పిందీ నిజమేనమ్మా. చిక్కంతా అక్కడే ఉంది. పైగా ఆ కొలీగ్ చెప్పిన కథ ఎక్కడో జరిగింది కాదు, మీరుంటున్న ఊరిదే.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. మనవాళ్లు నలుగురు కూర్చుంటే చార్టర్, వోచర్, ఈఎస్‌ఏ, ఎస్‌టీఓ అన్నీ ఒకే గిన్నెలో వేసి కలిపేస్తారు. చార్టర్ అంటే ప్రభుత్వ డబ్బుతో నడిచే, ఫీజు లేని స్కూలు. సీటు కోసం మనవాళ్లు లాటరీ వేసి దేవుడికి మొక్కుకునే బేసిస్ ఈ రకమే. ఈఎస్‌ఏ (ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్) అంటే, మీ పిల్లని పబ్లిక్ స్కూల్లో చేర్చనని మీరు కాంట్రాక్టు మీద సంతకం పెడితే, రాష్ట్రం మీ పేరిట ఒక ఖాతాలో వేసే డబ్బు. ప్రైవేట్ చదువుకి ప్రభుత్వం ఇచ్చే ఇలాంటి డబ్బునే వోచర్ అనీ అంటారు. పెద్ద తరగతులకి ఏడాదికి ఏడు వేల డాలర్ల పైమాటే, కిండర్‌గార్టెన్‌కి ఇంకా తక్కువ. ఎస్‌టీఓ (స్కూల్ ట్యూషన్ ఆర్గనైజేషన్) మూడో రకం. అది మధ్యలో ఉండే నాన్‌ప్రాఫిట్ సంస్థ. మీరు దానికి డబ్బిస్తారు, అది ప్రైవేట్ స్కూల్ పిల్లలకి స్కాలర్‌షిప్ ఇస్తుంది, మీరిచ్చినంతా మీ అరిజోనా పన్నులో తగ్గిపోతుంది. ఆ తగ్గింపునే క్రెడిట్ అంటారు, దానికో పరిమితి ఉంది. 2024 లెక్కల్లో భార్యాభర్తలకి మొదటి క్రెడిట్ 1,459 డాలర్లు, దాని మీద రెండోది 1,451, వెరసి 2,910. హెచ్1బీ అయినా సరే, రాష్ట్రానికి పన్ను కడుతుంటే ఈ క్రెడిట్ పెట్టుకోవచ్చు. పక్కింటివాళ్లు చెప్పింది ఇదే.

మీరు ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివారో లేదో తెలీదు గానీ, మీ క్లాసులో సగం మంది చదివే ఉంటారు. అక్కడ డబ్బు ప్రభుత్వానిది, సీటు ప్రైవేట్ కాలేజీది. ఆ కాలేజీలు ఎవరివో మనకి వేరే చెప్పక్కర్లేదు. నారాయణగారు ఆంధ్రాలో మంత్రి, మల్లారెడ్డిగారు తెలంగాణలో మంత్రిగా చేశారు. విద్యాసంస్థలు పెట్టినవాళ్లు సభలో కూర్చోవడం మనకి కొత్త కాదు. అందుకే అమెరికా వచ్చిన కొత్తలో నేను, ఇక్కడ ఇలాంటివి కుదరవు, రూల్సు గట్టిగా ఉంటాయి అనుకునేదాన్ని. రూల్సు ఉన్నాయి. వాటిని చదివాకే నాకు అసలు ఆశ్చర్యం వేసింది.

స్టీవ్ యార్‌బ్రో అని చాండ్లర్ ఆయన. 2003 నుంచి అరిజోనా దిగువ సభలో, తర్వాత సెనేట్‌లో, చివరికి 2017, 2018ల్లో సెనేట్ ప్రెసిడెంట్. అదే కాలంలో ఏళ్ల తరబడి అరిజోనా క్రిస్టియన్ స్కూల్ ట్యూషన్ ఆర్గనైజేషన్ అనే ఎస్‌టీఓకి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. రాష్ట్రంలో పెద్ద ఎస్‌టీఓల్లో అదొకటి. ఎస్‌టీఓ క్రెడిట్లని పెంచే బిల్లులు ఆయనే పెట్టారు, వాటికి ఓటూ వేశారు. వచ్చిన విరాళాల్లో పదోవంతు దాకా ఎస్‌టీఓ తన ఖర్చులకి ఉంచుకోవచ్చని చట్టం. అంటే క్రెడిట్ పెరిగితే విరాళాలు పెరుగుతాయి, విరాళాలు పెరిగితే ఆ పదోవంతూ పెరుగుతుంది.

ఆ పదోవంతు ఎటు పోయిందో చూడండి. 2014 ప్రాంతపు లెక్కల్లో ఆయన జీతం సుమారు 1,25,000 డాలర్లు. దరఖాస్తులు చూసే పని సంస్థ సొంతంగా చేసుకోకుండా బయటి కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీలో యార్‌బ్రోగారూ ఒక యజమాని, దానికి ఒక్క ఏడాదిలో ముట్టింది 6 లక్షల డాలర్ల పైనే. ఆఫీసు అద్దె? ఆ ఇంటి ఓనరూ ఆయనే. ఇదంతా అరిజోనా పత్రికలు ఒకటికి రెండుసార్లు రాశాయి. తాను చట్టం ఎక్కడా దాటలేదని ఆయన అంటూ వచ్చారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు మన వైపు. ఇక్కడ వడ్డించేవాడే విస్తరేసుకుని కూర్చున్నాడు, అయినా రూల్ ప్రకారం అది పంక్తి తప్పడం కాదు.

ఎలా కాదు అంటే, అరిజోనా చట్టంలో ‘పది మంది’ లెక్క ఒకటుంది. ఒక వృత్తిలోనో వ్యాపారంలోనో కనీసం పది మంది ఉండి, బిల్లు వల్ల మీకొచ్చే లాభం మిగతా తొమ్మిది మందికి వచ్చేదాని కంటే ఎక్కువ కాకపోతే, దాన్ని స్వప్రయోజనం కింద లెక్కించరు. ఎస్‌టీఓలు రాష్ట్రంలో పది కంటే చాలా ఎక్కువ. కాబట్టి ఆ డైరెక్టరు ఎస్‌టీఓ బిల్లుకి నిక్షేపంగా ఓటు వేయొచ్చు. ఆ సెక్షన్ నేను మొదటిసారి చదివింది వంటింట్లో, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే. రెండుసార్లు చదివాను. పప్పు మాడింది గానీ అర్థం మారలేదు.

దీనికి ఇక్కడివాళ్లు చెప్పే సమర్థన కొట్టిపారేసేది కాదు. అరిజోనా ఎమ్మెల్యే జీతం ఏడాదికి 24,000 డాలర్లు, 1998లో వేసిన అంకె. దాంతో ఇల్లు గడవదు. రైతు, టీచరు, రియల్టరు ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే సభకి రావాలి. టీచరు టీచర్ల జీతాల బిల్లుకి ఓటేస్తే లేని తప్పు ఎస్‌టీఓ మనిషికి ఎందుకు అంటారు. నా మాట అడిగితే, టీచరు ఆ బిల్లు రాసి, తన స్కూలు బిల్డింగు తనే అద్దెకిచ్చి, తన పేపర్లు దిద్దే కాంట్రాక్టు తన కంపెనీకే ఇచ్చుకుంటే అప్పుడు రెండూ ఒకటే అని ఒప్పుకుంటాను.

(చార్టర్లలోనూ ఇలాంటి కథ ఉంది. మీ పక్క ఊరు గిల్బర్ట్ చట్టసభ సభ్యుడు ఎడ్డీ ఫార్న్స్‌వర్త్ 2018లో తన బెంజమిన్ ఫ్రాంక్లిన్ చార్టర్ స్కూళ్లని ఒక నాన్‌ప్రాఫిట్‌కి సుమారు 5.7 కోట్ల డాలర్లకి అమ్మారు.)

కోర్టుకి ఎవరూ వెళ్లలేదా అంటే, వెళ్లారు. పోరు ఈ స్వప్రయోజనం మీద కాదు, పన్ను డబ్బు మతపరమైన స్కూళ్లకి పోతోందని. కేసు పేరులోనే యార్‌బ్రోగారి సంస్థ ఉంది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో, ఈ డబ్బు అసలు ఖజానాలోకి రాలేదు కాబట్టి పన్ను కట్టేవాళ్లకి కేసు వేసే హక్కే లేదంది. ప్రభుత్వ డబ్బేనని మనకి తెలుసు, లెక్కల్లో మాత్రం కాదు. ఆ తర్వాత జనం కూడా ఒక మాట చెప్పారు. ఈఎస్‌ఏని అందరికీ ఇచ్చేలా 2017లో చట్టం చేస్తే, 2018 నవంబరులో ఓటర్లు మూడింట రెండొంతుల మంది దగ్గరగా వద్దన్నారు. 2022లో సభ మళ్లీ అదే చేసింది, గవర్నర్ డగ్ డూసీ సంతకం పెట్టారు. ఇప్పుడు మీ పాపకి ఈఎస్‌ఏ దొరుకుతుందంటే అందుకే.

ఫ్రిస్కో, ప్లానో వైపు మారే ఆలోచన ఉంటే అక్కడి సంగతి కాస్త వేరు. టెక్సస్ రాజ్యాంగంలోనే, సొంత ప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ సంగతి సభకి చెప్పాలి, ఓటు వేయకూడదు అని ఉంది. వినడానికి బాగుంది. జీతం మాత్రం ఏడాదికి 7,200 డాలర్లు. అక్కడ డబ్బు వేరే దారిలో వచ్చింది. పెన్సిల్వేనియా పెట్టుబడిదారు జెఫ్ యాస్ 2023 చివర్లో గవర్నర్ గ్రెగ్ ఆబట్‌కి 60 లక్షల డాలర్ల విరాళమిచ్చారు. వోచర్లకి అడ్డుపడిన సొంత పార్టీ వాళ్ల మీద ఆబట్ 2024 ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, పోటీ అభ్యర్థులకి అండగా నిలిచారు. 2025 మే నెలలో వంద కోట్ల డాలర్ల వోచర్ చట్టం వచ్చేసింది.

ఇక మీరేం చేయాలో.

ఏ ఎస్‌టీఓ పేరు చెప్పినా ముందు దాని ఫారం 990, అంటే నాన్‌ప్రాఫిట్లు ఏటా ఫెడరల్ పన్ను శాఖకి ఇచ్చే లెక్కల కాగితం, తెరవండి. నాన్‌ప్రాఫిట్ల లెక్కలు అందరూ చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అందులో రెండే చోట్లు చాలు. ఏడో భాగంలో ఎవరికి ఎంత జీతమో ఉంటుంది. షెడ్యూల్ ఎల్‌లో సంస్థ తన సొంత పెద్దలతో చేసిన లావాదేవీలు ఉంటాయి, అద్దెలు, కాంట్రాక్టులు, అన్నీ. షెడ్యూల్ ఎల్ ఖాళీగా ఉంటే ఒక గండం గడిచినట్టే. రాష్ట్ర రెవెన్యూ డిపార్ట్‌మెంటు కూడా ప్రతి ఏడూ ఎస్‌టీఓల మీద రిపోర్టు వేస్తుంది, ఎవరికెన్ని విరాళాలు వచ్చాయో, ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చారో అందులో కనబడుతుంది. మీ ఏరియా ఎమ్మెల్యే ఎక్కడ పనిచేస్తాడో తెలియాలంటే, ప్రతి జనవరిలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర వాళ్లు పెట్టే ఆస్తుల, ఆదాయాల కాగితం ఉంటుంది. పది నిమిషాల పని. కారు కొనేముందు మనం యూట్యూబ్‌లో నలభై వీడియోలు చూస్తాం కదా.

ఇప్పుడు అసలు జాగ్రత్త. రేపో మాపో ఏదో గృహప్రవేశంలో, చేతిలో పులిహోర ప్లేటుతో ఒకావిడ మీ పక్కన చేరుతుంది. “మా బాబు పేరు రాసి మీరు కట్టండి, మీ పాప పేరు రాసి మేం కడతాం” అంటుంది. నాకు ముగ్గురు చెప్పారు ఇలా, ముగ్గురూ మంచివాళ్లే. వద్దనండి. సొంత బిడ్డ పేరు మీద ఇవ్వడమూ, ఇలా ఇచ్చిపుచ్చుకోవడమూ చట్టం ఒప్పుకోదు. అలా ఒప్పందం చేసుకుంటే క్రెడిట్ పెట్టుకోకూడదని ఎస్‌టీఓ కాగితాల మీదే రాసి ఉంటుంది, మనం చదవం అంతే. తెలిసినవాళ్ల బిడ్డ పేరు సిఫారసు చేయొచ్చు, కానీ దాతల సిఫారసు ఒక్కటే చూసి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. ఇంకోటి, ఒకే సమయంలో ఈఎస్‌ఏ, ఎస్‌టీఓ స్కాలర్‌షిప్ రెండూ తీసుకోవడం కుదరదు.

దానికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది, అది నాకే జరగబోయింది. అప్పట్లో మాదీ హెచ్1బీయే. స్కూళ్ల కోసం అని చెప్పి ఒక డిన్నర్‌కి పిలిచారు. ఒక అభ్యర్థి వచ్చి చాలా బాగా మాట్లాడాడు. టేబుల్ మీద కవర్లు పెట్టారు. నేను వంద డాలర్ల చెక్కు రాసి, పేరు దగ్గర ఎవరికి రాయాలని పక్కాయన్ని అడిగితే, ఆ అభ్యర్థి క్యాంపెయిన్ పేరు చెప్పాడు. మా వదిన కింద నుంచి నా కాలు తొక్కింది. ఇంటికి వచ్చాక చెప్పింది, గ్రీన్‌కార్డు లేనివాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకీ, ఊరి ఎన్నికకి కూడా, పైసా ఇవ్వకూడదని. ఫెడరల్ చట్టం అది. ఎస్‌టీఓకి ఇవ్వొచ్చు, ఎస్‌టీఓ బిల్లు పెట్టినాయన క్యాంపెయిన్‌కి ఇవ్వకూడదు. ఒకే డిన్నర్‌లో రెండు కవర్లూ పక్కపక్కనే ఉంటాయి, చెక్కు మీద పేరు చూసుకోండి. ఆ చెక్కు నేను చింపేశాను, వదిన తొక్కిన చోట మాత్రం వారం రోజులు నీలంగా ఉంది.

ఈ వంటకం ఇక అరిజోనాకే పరిమితం కాదు. 2025 జులైలో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం 2027 నుంచి దేశమంతా, ఒప్పుకున్న రాష్ట్రాల్లో, ఇలాంటి సంస్థలకి ఇచ్చే 1,700 డాలర్ల దాకా ఫెడరల్ పన్నులోనే తగ్గుతుంది. అందులోనూ తొంభై శాతం స్కాలర్‌షిప్‌కి పోవాలి, మిగతా పది సంస్థకి. ఆ పది ఎవరి చేతిలో పడుతుందో, వాళ్లు సభలో కూర్చుంటారో లేదో ప్రతి రాష్ట్రంలోనూ మనవాళ్లు అడగాల్సిన రోజులు వస్తున్నాయి.

మీ పాపని ప్రైవేట్‌లోనే వేయాలని ఉంటే వేయండి, క్రెడిట్ పెట్టుకున్నా తప్పు పట్టను, చట్టం ఇచ్చిందే కదా. నేను మాత్రం పబ్లిక్ స్కూల్ క్రెడిట్ వాడతాను. భార్యాభర్తలకి 400 డాలర్లు, అదీ పూర్తిగా పన్నులో తగ్గేదే, నేరుగా స్కూలుకే కట్టొచ్చు. మా వీధి చివరి స్కూల్లో బ్యాండ్ పిల్లలకి వెళ్తుంది. ఏప్రిల్ 15 లోపు కడితే కిందటి ఏడాది పన్నులో చూపించుకోవచ్చు. నేనెప్పుడూ పద్నాలుగో తారీఖునే వెళ్తాను, ఆఫీసులో కూర్చునే ఆవిడ నన్ను చూడగానే రసీదు పుస్తకం తీస్తుంది.